మందార మొగ్గలు ఎండకు రాలిపోతుంటే

అక్కా, హనుమకొండలో మీ మిద్దె మీది మందార మొగ్గలు విచ్చకుండానే రాలిపోతున్నాయని, తేనెపిట్టలు కూడా రావట్లేదని రాశారు. టెన్షన్ పడకండి. 43, 44 డిగ్రీల ఎండకు కుండీలో మట్టి మధ్యాహ్నానికే ఎండిపోతే మొక్క ముందు మొగ్గల్నే వదిలేస్తుంది. తొడిమల దగ్గర తెల్లగా పిండినల్లి అనే పురుగు ఉందేమో మాత్రం ఒకసారి చూడండి. ఉంటే నీళ్ల ధారతో కడిగేయండి, మందు కొట్టకండి, తేనెటీగలు చచ్చిపోతాయి.

కుండీల కింద రెండేసి ఇటుకలు పెట్టండి, స్లాబ్ వేడి నేరుగా తగలదు. పొద్దున ఏడింటిలోపే కింది రంధ్రంలోంచి కారేదాకా నీళ్లు పోసి, మట్టి మీద ఎండుటాకులు మందంగా పరచండి. సాయంత్రం వేలు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే మళ్లీ పోయండి. మధ్యాహ్నం పైపు నీళ్లు అస్సలు వద్దు, అవి కాగి ఉంటాయి. గ్రీన్ నెట్ పడమటి వైపు కడితే చాలు.

పిట్టలకు నీడలో మట్టి మూకుడు పెట్టి, మధ్యలో ఒక రాయి వేయండి. నీళ్లు రోజూ మార్చాలి, లేదంటే దోమలు. మా ఇంట్లో పిచ్చుక ముందు ఆ రాయి మీద వాలి, అటూ ఇటూ చూసి, అప్పుడు రెక్కలు తడుపుకుంటుంది.

మందార తేరుకునేదాకా బిళ్ళగన్నేరు, గడ్డిగులాబీ పెట్టండి. గడ్డిగులాబీ ఎండ ఎక్కాకే విచ్చుకుంటుంది. తొమ్మిదింటికల్లా తేనెటీగలు కాళ్ల నిండా పసుపు పుప్పొడితో తిరుగుతుంటాయి, చూడండి.