ఎంజీబీ వెనుక షాక్ అబ్జార్బర్లు: పాత లీవర్ రకమా, టెలిస్కోపిక్ రకమా?

1962 నుంచి 1980 వరకు తయారైన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి వెనుక షాక్ అబ్జార్బర్లు మార్చవలసి వస్తే, మొదటినుంచీ ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ లీవర్ రకాన్నే (నూనె పెట్టెకున్న లీవరు ఇరుసుతో పాటు కదిలేది) ఉంచాలా, టెలిస్కోపిక్ రకానికి (గొట్టంలో గొట్టం జారేది) మారాలా అన్నది ప్రశ్న. మామూలు రోడ్లపై నడిపే కారుకు, నా దృష్టిలో, బాగుచేసిన లీవర్ జత చాలు.

ముందు పాతవాటిని పరీక్షించండి. ఇరుసుకు కలిపే లింకును విప్పి, లీవరును చేత్తో నెమ్మదిగా పైకీ కిందికీ కదిపితే, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఆగకుండా బిగువు తెలియాలి. మధ్యలో ఒక్కసారిగా వదులైతే లోపల నూనె తగ్గిందనో, గాలి చేరిందనో అర్థం. నూనె నింపితే కొన్నిసార్లు సరిపోతుంది గాని, లీవరు తిరిగే షాఫ్టు చుట్టూ నూనె చెమరుస్తుంటే సీలు పాడైనట్టే, నింపినదంతా మళ్లీ కారిపోతుంది.

టెలిస్కోపిక్ రకానికి అదనపు బ్రాకెట్లు కావాలి. ఇరుసు పూర్తిగా పైకి లేచినప్పుడు షాక్ లోపల అడుగంటకుండా, పూర్తిగా దిగినప్పుడు సాగి పట్టేయకుండా ఉండే పొడవు చూసుకోవాలి. కారు ఎత్తు తగ్గించి ఉంటే ఇది మరీ ముఖ్యం. అతిగా బిగువైనవి వేస్తే గతుకుల్లో వెనుక భాగం ఎగిరెగిరి పడుతుంది. ఏ రకమైనా రెండు వైపులా కలిపే మార్చాలి. కారు వెనుక కుంగి కనబడితే మాత్రం తప్పు షాకులది కాదు, కమాను పట్టీలది (లీఫ్ స్ప్రింగులది).