ముందు నీ గదిని పాడకుండా చూడు

అమ్మాయీ,

నువ్వు ఇంట్లో రికార్డు చేసి పంపిన కీర్తన మూడుసార్లు విన్నాను. శ్రుతి ఎక్కడా జారలేదు. కానీ నీతో పాటు మీ హాలు కూడా పాడుతోంది. చరణంలో వేసిన సంగతులు, అదే పంక్తిని మార్చి మార్చి పాడినవి, ఒకదాని మీద ఒకటి పడి అలికేసినట్టు వినిపించాయి. దానికి కొత్త మైకు కొంటానంటున్నావు. ఆగు. ఖరీదైన మైకు ఆ గోలను ఇంకా శుభ్రంగా పట్టి ఇస్తుంది, అంతే.

చీమకుర్తిలో ఇల్లు కదా, కింద నల్ల గ్రానైటు, చుట్టూ నున్నటి గోడలు. హాలు మధ్యన నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు చరుచు. వెనకాలే గలగలమని ఒక తోక వినిపిస్తుంది. తర్వాత పరుపు, బట్టలు ఉన్న పడకగదిలో చరిచి చూడు. తేడా నీకే తెలుస్తుంది. పాట అక్కడికి మార్చు.

ఇక గది గోలను పీల్చే బొంతలు. అందరూ వాటిని మైకు వెనక గోడకు కడతారు. నీది కార్డియాయిడ్ మైకు, తన వీపు వైపు నుంచి వచ్చేది పెద్దగా వినదు. అది చూసేది నిన్నూ, నీ వెనక గోడనూ. కాబట్టి బొంత నీ వీపు వెనక ఉండాలి. గోడకు ఆనించకుండా దండెం కట్టి జానెడు ఎడంగా వేలాడదీయి. గోడను ఆనుకున్న చోట గాలి కదలదు. ఎడం ఉంటే గాలి అటూ ఇటూ ఆడుతూ దూదిలో రాసుకుని శబ్దం చచ్చిపోతుంది. పలచటి దుప్పటి 'స', 'ష'ల పదును మాత్రమే తగ్గిస్తుంది. సెకనుకు 200 కంపనాల మంద్రస్వరం అల సుమారు 1.7 మీటర్ల పొడవుంటుంది, అది దుప్పటికి లొంగుతుందా? బూరుగుదూది పరుపు ఒకటి నిలబెట్టు.

గుడ్ల అట్టల జోలికి పోవద్దు. ఆర్కెస్ట్రా రోజుల్లో నేను గదంతా అంటించాను. గోల తగ్గలేదు, బల్లులు చేరాయి.

మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టు. దూరం సగం చేస్తే నీ గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది గోల ఉన్నంతే ఉంటుంది.

ఫ్యాను ఆపాలి మరి. బొంతల మధ్య పగలు ఉడికిపోతావు. తెల్లవారుజామున, గ్రానైటు లారీల రొద మొదలవకముందే కూర్చో. ఇదే కీర్తన మళ్లీ పాడి పంపు. పాతది చెరిపేయకు, రెండూ పక్కపక్కన పెట్టి వినాలి.

మీ మామయ్య,
ఒంగోలు