కాల్ ఆఫ్ డ్యూటీలో గెలుపు, కౌంటర్-స్ట్రైక్‌లో ఓటమి... ఎందుకు?

సందేహం: ఏడాదిగా కాల్ ఆఫ్ డ్యూటీ అనే తుపాకుల వీడియోగేమ్ ఆడుతున్నాను. మా స్నేహితుల్లో నాదే పైచేయి. కానీ అలాంటిదే మరో ఆట కౌంటర్-స్ట్రైక్ 2లో ప్రతి రౌండ్‌లోనూ ముందు నేనే చనిపోతున్నాను. నాది 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మారే) మానిటర్. 144 హెర్ట్జ్‌ది తీసుకుంటే ఆట మెరుగవుతుందా?
- ఖమ్మం నుంచి ఓ డిగ్రీ విద్యార్థి

జవాబు: ఇప్పుడే డబ్బు పెట్టకండి. ఇబ్బంది మీ వేళ్ల అలవాటులో ఉంది. కాల్ ఆఫ్ డ్యూటీలో కదులుతూనే గురిపెట్టి కాల్చొచ్చు. దెబ్బ తగిలినా కాసేపు దాక్కుంటే హెల్త్ తిరిగొస్తుంది. టీమ్ డెత్‌మ్యాచ్ అనే జట్ల పోటీలో చనిపోయినా కొద్ది సెకన్లలో మళ్లీ బరిలోకి దిగుతారు. అందుకే అక్కడ దూకుడు పనికొస్తుంది. కౌంటర్-స్ట్రైక్‌లో పోయిన హెల్త్ పోయినట్టే. చనిపోతే రౌండ్ అయ్యేదాకా చూస్తూ కూర్చోవాలి. ఏకే-47 తూటా ఒక్కటి తలకు తగిలితే హెల్మెట్ ఉన్నా కాపాడదు.

అసలు తేడా చూడాలంటే ప్రాక్టీస్ మ్యాప్‌లో ఓ గోడ ముందు నిలబడండి. కీబోర్డులో డి కీ నొక్కిపట్టి కుడివైపు కదులుతూ ఏకేతో ఒక్కో తూటా కాల్చండి. గుర్తులు ఎక్కడెక్కడో పడతాయి. ఈసారి డి వదిలేసి, ఎ కీని అలా తట్టి, కదలిక ఆగిన క్షణంలోనే కాల్చండి. గురిపెట్టిన చోటే తగులుతుంది. ఆటగాళ్లు కౌంటర్-స్ట్రేఫింగ్ అనేది దీన్నే. రోజూ పది నిమిషాలు ఇదే సాధన చేయండి. నడిచేటప్పుడు క్రాస్‌హెయిర్ (తెర మధ్యలోని గురి గుర్తు) నేలమీద కాకుండా తల ఎత్తులో ఉండాలి.

కౌంటర్-స్ట్రైక్ లాంటి నెమ్మది ఆట తేలికని మాత్రం అనుకోకండి. నా దృష్టిలో అదే కఠినం. అందులో ఒక జట్టు బాంబు పెట్టాక పేలడానికి 40 సెకన్లు. దాన్ని నిర్వీర్యం చేయడానికి అవతలి జట్టుకు పనిముట్ల కిట్ ఉంటే 5, లేకపోతే 10. గోడ అవతలి అడుగుల చప్పుడు వింటూ ఈ లెక్క వేసుకోగలగడం కూడా నేర్పే. వేగమైన ఆటలన్నీ ఒకేలా ఉండవు కూడా. 1999లో వచ్చిన క్వేక్ 3 అరేనాలో గెంతుతూ వేగం పెంచుకోవడమే ఓ విద్య. ఎపెక్స్ లెజెండ్స్‌లో షీల్డ్ (రక్షణ కవచం) వల్ల ప్రత్యర్థి త్వరగా పడడు, కదులుతున్న మనిషి మీద గురిని అంతసేపూ నిలపాలి.

ఇక మానిటర్ సంగతి: 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్‌కు (తెరపై ఒక్కో బొమ్మకు) దాదాపు 16.7 మిల్లీసెకన్లు, 144లో సుమారు 7. ఈ తేడా కంటికి తెలుస్తుంది. కానీ మీ కంప్యూటర్ కూడా అన్ని ఫ్రేములు ఇవ్వగలగాలి. ముందు వైఫై మానేసి కేబుల్ పెట్టి, పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం) ఎంతుందో చూడండి. కౌంటర్-స్ట్రైక్ సర్వర్లు చెన్నై, ముంబయిలలోనూ ఉన్నాయి. నెల సాధన తర్వాత గ్రాఫిక్స్ కార్డు వివరాలతో రాయండి, అప్పుడు మానిటర్ సంగతి చూద్దాం.