పాప పాఠం గడగడ చదువుతుంది, ప్రశ్న వేస్తే తికమక పడుతుంది: సెలవుల్లో తెలుగు రివిజన్ ఎలా చేయించాలి?

మీరు జడ్చర్ల నుంచి అడిగారు. పాప నాలుగో తరగతి అయిపోయింది, పాఠం ఆగకుండా చదువుతుంది, కింద ప్రశ్నలకు మాత్రం పాఠంలోంచి ఏదో ఒక లైన్ ఎత్తి రాసేస్తుంది, బడి తెరిచేలోపు ఏం చేయించాలి అని. నేను నల్లగొండలో సాయంత్రాలు ఇంటి దగ్గరే చిన్న తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందిది ఇదే వరస.

ముందుగా, గైడ్ కొనకండి. ప్రశ్నలో కనిపించిన మాటను పాఠంలో వెతికి, అది దొరికిన వాక్యాన్ని దించేయడం పిల్లలు సొంతంగా కనిపెట్టిన ఉపాయం. దానికి మార్కులు కూడా పడుతున్నాయి, మరి ఎందుకు మానుకుంటారు? అందుకే ఆ ఉపాయం పారని ప్రశ్నలు మనమే వేయాలి.

దానికంటే ముందు చదవడం నిజంగా వచ్చో రాదో చూసుకోండి. తన వాచకంతో చూడకండి, అది సగం నోటికి వచ్చేసి ఉంటుంది. పల్లెల్లో పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వే వాళ్లు ఒకటో తరగతి స్థాయి పేరా ఇస్తారు. అది సాఫీగా చదివితే రెండో తరగతి స్థాయి కథ, చదవలేకపోతే విడి పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. పక్కింటి పిల్లల పాత వాచకాలు తెచ్చుకుంటే ఇంట్లోనే చేయొచ్చు. చదువుతున్నప్పుడు మధ్యలో ఆపకుండా, తడబడిన చోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. గీతలన్నీ ఒత్తుల దగ్గరో, కొ-కో లాంటి గుణింతాల దగ్గరో, బ-భ దగ్గరో పడితే ఓ వారం ఆ పని మీదే ఉండండి. మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని, చిన్న తరగతుల పిల్లల చదువు కోసం కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యం పెట్టింది. కానీ మన తెలుగులో ఒక్క పదమే మూరెడు పొడవు ఉంటుంది, కాబట్టి స్టాప్‌వాచ్ పట్టుకుని పిల్లను టెన్షన్ పెట్టకండి.

ఇక అసలు విషయం. నేను పాఠాలు వెతుక్కోను, నాలుగైదు వాక్యాలు నేనే రాస్తాను. మా వైపు బత్తాయి తోటలు ఎక్కువ కదా, ఈ మధ్య ఇలా రాశాను:

"తెల్లవారకముందే లారీ తోట దగ్గర ఆగింది. నాన్న టార్చిలైటు పట్టుకుని ముందు నడిచాడు. అమ్మ బత్తాయి గంపలు అందించింది. ఆఖరి గంప ఎక్కగానే హారన్ కొట్టి బయల్దేరింది. మేము ఇల్లు చేరేసరికి నా బడి బస్సు వెళ్లిపోయింది."

గంపలు ఎవరు అందించారు అంటే అందరూ చెప్పేస్తారు, లైన్ అక్కడే ఉంది. నాన్నకు టార్చి ఎందుకు అని అడగండి. టార్చి అనే మాట వెతికిన పిల్ల "ముందు నడవడానికి" అంటుంది. జవాబు ఉన్నది మొదటి వాక్యంలో, అక్కడ చీకటి అనే మాటే లేదు. తర్వాత, బయల్దేరింది ఎవరు? "అమ్మ" అని ఠక్కున చెప్పేవాళ్లు బోలెడు. తెలుగులో ఆడవాళ్లకూ బండికీ ఒకటే క్రియ, పైగా కర్త చెప్పకుండా వదిలేస్తాం. పిల్ల దగ్గరలో ఉన్న పేరును పట్టుకుంటుంది. హారన్ కొట్టేది ఎవరమ్మా అంటే నవ్వేసి సరిదిద్దుకుంటుంది. ఏ కథలోనైనా ప్రతి క్రియ దగ్గరా "ఎవరు?" అని అడిగే అలవాటు చేయించండి. "లోపలికి వెళ్లి, తాళం తీసి, చూసి" అని సాగే పొడవాటి వాక్యాల్లో ఇది మరీ అవసరం.

చివరి ప్రశ్న నాకు బాగా ఇష్టం. ఆ రోజు ఆ పిల్ల బడికి ఎలా వెళ్లింది? ఆటో అంటారు, నాన్న బండి అంటారు. అసలు వెళ్లిందో లేదో కూడా అందులో లేదు. "ఇందులో చెప్పలేదు" అన్నది కూడా సరైన జవాబేనని పిల్లలకు ఎవరూ చెప్పరు. ఖాళీ వదిలితే తిడతారని ఏదో ఒకటి రాసేస్తారు. అది ఒప్పుకున్న తర్వాత, "సరే, నీ ఊహ చెప్పు" అనండి. ఊహ వేరు, పాఠంలో ఉన్నది వేరు అని అప్పుడు తెలుస్తుంది.

జవాబు రాయించే ముందు నోటితో చెప్పించండి, ఇంట్లో మాట్లాడే భాషలోనే. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చి ఇక్కడ చదువుకునే ఒక అబ్బాయి తెలుగులో అడిగితే నేల చూపులు చూసేవాడు. అదే కథ వాళ్ల చెల్లికి లంబాడీలో చెప్పమంటే చేతులు ఊపుతూ మొత్తం చెప్పాడు. వాడికి కథ అర్థమైంది, రాత తెలుగే ఇంకా రాలేదు. మీ పాప "గప్పుడు లారీ పోయింది" అన్నా మధ్యలో సరిచేయకండి, రాసేటప్పుడు చూసుకోవచ్చు.

వ్యాకరణానికి వేరే టైం పెట్టనక్కర్లేదు. ఇదే పేరాలో ఒక లారీ బదులు రెండు లారీలు వచ్చినట్టు మార్చి రాయమనండి, ఆగింది ఆగాయి అవుతుంది. "నా", "మేము" తీసేసి ఇంకో పిల్ల కథగా రాయమనండి. చుక్కలు, కామాలు లేకుండా మీరు రాసిచ్చి, వాటిని తనను పెట్టమనండి. వ్యతిరేక పదాల పట్టిక బట్టీ కొట్టించడం కంటే ఇది చాలా నయం.

చదవడానికి కొత్త కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగువి ఉచితంగా దొరుకుతాయి, నాలుగు స్థాయిలుగా ఉంటాయి. ఒక స్థాయి తక్కువ నుంచే మొదలుపెట్టండి. సర్కారు బడి అయితే పాప ఏ స్థాయిలో ఉందో టీచర్‌ను అడగండి. 2022 నుంచి తొలిమెట్టు అనే మన రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమంలో ప్రాథమిక తరగతుల పిల్లల స్థాయి చూసే చెబుతున్నారు.

ఇంగ్లీషు కూడా ఇలాగే చేయించొచ్చా అన్నారు. చేయించొచ్చు. లెక్కలు, పరిసరాల విజ్ఞానం లాంటి సర్కారు పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి కదా, ముందు తెలుగు పేజీ మీద ప్రశ్నలన్నీ మాట్లాడుకుని తర్వాత ఇంగ్లీషు పేజీ తీయండి. మొదట్లో జవాబు తెలుగులో చెప్పినా ఒప్పుకోండి. స్పెల్లింగులు అదే రోజు అడగకండి.