గెయిటీని ‘టాకీసు’ అనవచ్చా?

సందేహం: మద్రాసులో కనుమరుగైన పాత సినిమా హాళ్ల గురించి మా తెలుగు సంఘం సంచికకు వ్యాసం రాశాను. “1914లో రఘుపతి వెంకయ్యగారు గెయిటీ టాకీసు కట్టారు” అన్న వాక్యంలో ‘టాకీసు’ను మా సంపాదకులు కొట్టేశారు. ‘సినిమాలు ఆడేవి’ని ‘ప్రదర్శింపబడేవి’ అనీ, ‘మొదటి ఆట’ను ‘తొలి ప్రదర్శన’ అనీ దిద్దారు. ఏది ఒప్పు? – ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: మొదటి దిద్దుబాటు సరైనదే. మిగతా రెండిటినీ ఒప్పుకోలేను.

టాకీ అంటే మాట్లాడే బొమ్మ. మన దేశంలో సినిమాకు మాట వచ్చింది 1931లో, ‘ఆలం ఆరా’తో. అంతకు పదిహేడేళ్ల ముందు కట్టిన గెయిటీలో తొలినాళ్లలో ఆడినవి మూకీలు. మౌంట్ రోడ్డులో 1913లో వెలిసిన ఎలక్ట్రిక్ థియేటర్‌కీ, వెంకయ్యగారే కట్టిన క్రౌన్, గ్లోబ్‌లకీ ఇదే లెక్క. మూకీల రోజుల గురించి రాసేటప్పుడు ‘సినిమా హాలు’ అంటే చాలు. గ్లోబ్ తర్వాత రాక్సీ అయింది కాబట్టి, ఏ కాలం సంగతి చెబుతున్నారో ఆ కాలం పేరే రాయండి. 1931 తర్వాతి ముచ్చట్లకు టాకీసు నిక్షేపంగా వాడవచ్చు. ఇంగ్లీషులో బహువచనమైన ఆ మాటకు మనం ఉకారం చేర్చి ఏకవచనం చేసుకున్నాం. రెండు హాళ్లుంటే ‘టాకీసులు’ అంటాం. అది తప్పు కాదు, ఆ మాట తెలుగైపోయిందనడానికి గుర్తు.

‘ఆడు’ విషయానికొస్తే, ఇంత చక్కటి క్రియను వదులుకోకండి. నాటకం ఆడతారు, తోలుబొమ్మలను ఆడిస్తారు. సినిమా వచ్చాక బొమ్మే కర్త అయింది: సినిమా ఆడింది, హాలువాళ్లు ఆడించారు, చూసింది రెండో ఆట. ‘ప్రదర్శింపబడేవి’ అంటే వాక్యం బరువెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. “ఆ సినిమా గెయిటీలో ఆడలేదు” అంటే జనం రాలేదన్న అర్థమే ముందు తడుతుంది. అసలు ఆ హాలుకే రాలేదని మీ ఉద్దేశమైతే ‘గెయిటీలో వెయ్యలేదు’ అనండి.

‘మొదటి ఆట’ అంటే రోజులో మొట్టమొదటిది కాదు. సాయంత్రం ఆరు ప్రాంతంలో మొదలయ్యేది మొదటి ఆట, రాత్రి తొమ్మిది దాటాక పడేది రెండోది. పొద్దుటి ఆట, మ్యాట్నీ వీటికి ముందే పడినా ఈ లెక్కలోకి రావు. ‘తొలి ప్రదర్శన’ అని దిద్దితే చదివేవాళ్లు విడుదల రోజు పొద్దున్న పడిన ఆట అనుకుంటారు. 1964లో వచ్చిన సఫైర్ సినిమా హాళ్ల సముదాయంలోని బ్లూ డైమండ్‌కు మాత్రం ‘మొదటి ఆట’ అన్న మాట అతకదు. అక్కడ ఆటలు ఎడతెగకుండా సాగేవి, టికెట్ కొని ఎప్పుడైనా లోపలికి వెళ్లే వీలుండేది. దాని గురించి రాస్తే గంటలు చెప్పండి, ఆటల వరస చెప్పకండి.

మీరు అడగలేదు గానీ, ‘కనుమరుగైన’ అన్న మాట కూడా అన్ని హాళ్లకూ చెల్లదు. సఫైర్‌ను పడగొట్టారు కాబట్టి దానికి సరిపోతుంది. ఎలక్ట్రిక్ థియేటర్ కట్టడం అణ్ణాసాలై (అప్పటి మౌంట్ రోడ్డే) పోస్టాఫీసు ఆవరణలో ఇప్పటికీ ఉంది, అందులో తపాలా బిళ్లల విభాగం నడుస్తోంది. దానికి ‘ఆట ఆగిపోయిన హాలు’ అని రాయండి.