ముందు నొక్కి చూడండి, ఆ తర్వాతే ఎక్స్‌రే

ఆట గాయాలకు తీసే ఎక్స్‌రేలు, స్కాన్ల గురించి అథ్లెటిక్ ట్రైనింగ్ (ఆటగాళ్ల గాయాలను చూసుకునే వృత్తి) విద్యార్థులు పంపిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: చీలమండ బెణికిన ప్రతి క్రీడాకారుణ్ణీ ఎక్స్‌రేకు పంపమని కొందరు సీనియర్లు చెబుతారు. వాపు ఎంత ఉందో చూసి నిర్ణయించుకోమని మరికొందరు అంటారు. ఎవరి మాట వినాలి?

జవాబు: వాపు నమ్మదగిన గుర్తు కాదు. లిగమెంటు, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీ, తెగినప్పుడు చీలమండ గంటలోపే ఉబ్బి, కమిలి, చూసేవారిని భయపెట్టవచ్చు. ఎముక చిట్లినా మొదట్లో వాపు అంతగా కనిపించకపోవచ్చు. అలాగని అందరినీ ఎక్స్‌రేకు పంపడం కూడా సరికాదు, ఎందుకంటే బెణికిన చీలమండల్లో ఎముక విరిగినవి కొన్నే ఉంటాయి. ఈ చిక్కును విప్పడానికే కెనడాలోని ఒటావా నగరంలో ఇయాన్ స్టీల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు కలిసి 1992లో కొన్ని నియమాలను ప్రచురించారు. ఒటావా చీలమండ నియమాలుగా పేరుపడిన వీటిని వల్లె వేస్తే చాలదు, మీ వేళ్లకు అలవాటు చేయాలి.

చీలమండకు రెండు వైపులా ఉండే ఎముక బుడిపెల కొనల మీదా, అక్కడి నుంచి పైకి 6 సెంటీమీటర్ల మేర వెనక అంచు వెంబడీ నొక్కి చూడండి. వెనక అంచు అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. పాదం లోపలికి మడతపడి బెణికినప్పుడు అన్నిటికంటే ముందు దెబ్బతినే లిగమెంటు బయటి బుడిపెకు ముందు వైపున ఉంటుంది కాబట్టి, అక్కడ నొక్కితే మామూలు బెణుకు ఉన్నవారు కూడా నొప్పితో కాలు వెనక్కి లాక్కుంటారు. ఆ నొప్పి ఎముక గురించి మీకు ఏమీ చెప్పదు. ఆ తర్వాత పాదం నడిమి భాగంలో లోపలి వైపునున్న నావిక్యులర్ ఎముక మీద, చిటికెన వేలి వైపు అయిదో మెటటార్సల్ ఎముక మొదట్లో నొక్కాలి. చివరగా నడిపించి చూడాలి. ఈ నాలుగు చోట్లలో ఏ ఒక్కచోట ఎముక మీద నొప్పి ఉన్నా, లేదా దెబ్బ తగిలిన వెంటనేనూ ఆ తర్వాత పరీక్షించేటప్పుడూ కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. కుంటుతూ వేసినా అడుగు అడుగే.

దీనికి నేను ఒకటి కలుపుతాను. బయటి బుడిపె దగ్గర ఆగిపోకుండా పిక్క బయటి వైపు సన్నగా ఉండే ఫిబ్యులా ఎముక వెంబడి మోకాలి దాకా నొక్కుకుంటూ వెళ్లండి. పాదం బయటికి మెలితిరిగిన గాయాల్లో ఆ ఎముక ఒక్కోసారి పైన, మోకాలికి దగ్గరలో విరుగుతుంది; చీలమండ వరకే తీసిన ఫిల్ములో అది కనిపించదు.

ఈ నియమాల బలం ఒక వైపే ఉందన్న సంగతి గుర్తుంచుకోండి. వీటి ప్రకారం అనుమానం లేదని తేలితే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. అనుమానం ఉందని తేలినంత మాత్రాన విరిగినట్టు కాదు, ఫిల్ము చూడాలని మాత్రమే అర్థం. స్పృహ సరిగా లేనివారికి, కాళ్లలో స్పర్శ తగ్గినవారికి, ఒంటి మీద మరో పెద్ద గాయం నొప్పిలో ఉన్నవారికి ఇవి వర్తించవు. ఎదిగే వయసు పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. వారి ఎముకల చివర ఉండే గ్రోత్ ప్లేటు, అంటే ఎముక పెరిగే పొర, చుట్టూ ఉన్న లిగమెంట్ల కంటే బలహీనమైనది కాబట్టి, పెద్దవారికి బెణుకుతో పోయే దెబ్బ వారికి గ్రోత్ ప్లేటును చీల్చవచ్చు, అప్పుడు కూడా ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. ఎక్స్‌రే తీయించినప్పుడు ఒకే కోణంతో సరిపెట్టుకోకండి. ఎదురుగా తీసిన ఫిల్ములో కనబడని విరుగు పక్కనుంచి తీసినప్పుడు కనబడవచ్చు.

ప్రశ్న: మా జట్టులోని దూరపు పరుగుల క్రీడాకారిణికి మూడు వారాలుగా మోకాలి కింద ముందు ఎముక మీద ఒకే చోట నొప్పి ఉంది. ఎక్స్‌రే మామూలుగా ఉందని వచ్చింది కాబట్టి మళ్లీ పరిగెత్తవచ్చని కోచ్ అంటున్నారు. అది సరైనదేనా?

జవాబు: సరికాదు. వేలితో చూపించగలిగేంత చిన్న చోట, పరిగెత్తేకొద్దీ ఎక్కువయ్యే నొప్పి ఉంటే, వేరేదని తేలేదాకా దాన్ని ఎముక అలసి సన్నగా చిట్లే స్ట్రెస్ ఫ్రాక్చర్‌గానే చూడాలి. ఎక్స్‌రే ప్రధానంగా ఎముకలోని కాల్షియాన్ని చూపుతుంది. పదే పదే పడే ఒత్తిడికి ఎముక అలసిపోయే తొలి దశలో మారేది కాల్షియం కాదు, మజ్జలో చేరే నీరు. ఎముక తనను తాను బాగుచేసుకుంటూ కొత్త పొర వేసేదాకా, అంటే తరచుగా రెండు మూడు వారాలు గడిచేదాకా, ఫిల్ములో ఏమీ కనిపించకపోవచ్చు. కొన్ని కేసుల్లో ఆ తర్వాత కూడా కనిపించదు. కొవ్వు సంకేతాన్ని అణచి తీసే ఎమ్మారై చిత్రాల్లో ఆ నీరు మొదటి నుంచే తెల్లగా మెరుస్తుంది.

ఎక్కడ నొప్పి ఉందన్నది ఇక్కడ చాలా ముఖ్యం. మోకాలి కింది ముందు ఎముక అయిన టిబియా లోపలి అంచున వచ్చే స్ట్రెస్ ఫ్రాక్చర్ విశ్రాంతితో సాధారణంగా మానుతుంది. టిబియా ముందు వైపు, పాదంలోని నావిక్యులర్, తొడ ఎముక మెడ పైభాగం, ఈ మూడు చోట్లా అలా అనుకోవడానికి లేదు. అవి పూర్తిగా విరిగిపోయే ప్రమాదం ఉంది, మానడానికి మొరాయిస్తాయి కూడా. మీరు చెప్పిన నొప్పి ఆ ఎముక ముందు వైపున కావచ్చు కాబట్టి ఆ అమ్మాయి పరుగు ఈ రోజే ఆపించి వైద్యునికి చూపించండి. పరుగెత్తేవారు గజ్జల్లో లోతుగా నొప్పి అంటే ఎక్స్‌రే ఎలా ఉన్నా ఆ కాలు మీద బరువు మోపనివ్వకండి, ఎమ్మారై అయ్యేదాకా ఆగండి.

చేతి మీద పడ్డప్పుడు మణికట్టులోని స్కఫాయిడ్ ఎముకదీ ఇదే కథ. బొటనవేలి మొదట్లో ఏర్పడే గుంటలో నొక్కితే నొప్పి ఉండి, ఎక్స్‌రే మామూలుగా ఉంటే, ఏమీ లేదని పంపేయకూడదు. కట్టు వేసి 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ తీయించడమో, ముందే ఎమ్మారై చేయించడమో పద్ధతి. ఆ ఎముకకు రక్తం ముంజేతికి దూరంగా ఉన్న కొస వైపు నుంచి వెనక్కి వస్తుంది కాబట్టి, ఆ ఎముక నడిమి భాగంలో విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక అది చచ్చుబడే అవకాశం ఉంది.

ప్రశ్న: ఎమ్మారై రిపోర్టులో మోకాలిలో మెత్తలా ఉండే మెనిస్కస్ చీలిందనీ, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు అరిగిందనీ రాస్తే క్రీడాకారులు బెంబేలెత్తిపోతున్నారు. వారికి ఏం చెప్పాలి?

జవాబు: చిత్రంలో కనబడినదల్లా నొప్పికి కారణం కాదని చెప్పాలి, ఆ మాటను మీరు ముందుగా మనస్ఫూర్తిగా నమ్మాలి. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 50 నుంచి 90 ఏళ్ల వారి మోకాళ్లను ఎమ్మారై తీసి చూసిన పరిశోధన 2008లో వెలువడింది. మెనిస్కస్ చీలినవారిలో 61 శాతం మందికి అంతకు ముందు నెలలో మోకాలి బాధ ఏమీ లేదు. నడుము విషయమూ అంతే. ఏ బాధా లేని వారి స్కాన్ల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో లెక్కించినప్పుడు 20 ఏళ్ల వారిలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది, 80 ఏళ్ల వారిలో 96 శాతానికి చేరింది. తలనెరుపులాగే ఇదీ వయసు గుర్తు కావచ్చు.

అందుకే రిపోర్టును ఒంటరిగా చదవకండి. చీలిక లోపలి మెనిస్కస్‌లో ఉందని రాసి, క్రీడాకారుడు నొప్పి బయటి వైపు ఉందంటే, ఆ రెండింటికీ పొంతన లేదు. పొంతన కుదిరినప్పుడు మాత్రం ఎమ్మారై గాయం జరిగిన తీరును కూడా చెబుతుంది, నాకు ఎప్పటికీ ఆసక్తి తగ్గని విషయం అది. పరుగులో ఒక్కసారిగా దిశ మార్చినప్పుడు మోకాలు లోపలికి మెలితిరిగి ముందు క్రూసియేట్ లిగమెంటు తెగితే, తొడ ఎముక కింది చివరలోని బయటి గుండు వెళ్లి టిబియా పైభాగపు వెనక అంచును ఢీకొంటుంది. లిగమెంటు చిత్రం స్పష్టంగా లేకపోయినా ఆ రెండు చోట్లా మజ్జ తెల్లబడి ఉంటే, ఏం జరిగిందో ఊహించవచ్చు. మామూలు ఎక్స్‌రేలో కూడా టిబియా బయటి అంచు పక్కన చిన్న ఎముక రేకు ఊడి కనిపిస్తే ఇదే అనుమానం రావాలి. పాల్ సెగోన్ అనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు, ఎక్స్‌రే పుట్టకముందే, 1879లో ఆ విరుగును వర్ణించాడు.

పరీక్షకు పంపేటప్పుడు చీటీలో మోకాలి నొప్పి అని రెండు మాటలు రాసి వదిలేయకండి. ఎప్పుడు, ఎలా మెలితిరిగింది, చప్పుడు వినబడిందా, ఎన్ని గంటల్లో వాచింది, ఎక్కడ నొక్కితే నొప్పి, ఇవన్నీ రాస్తే రేడియాలజిస్టు ఎక్కడ వెతకాలో తెలుసుకుని చూస్తారు.

ప్రశ్న: తలకు దెబ్బ తగిలిన ఆటగాడికి సీటీ స్కాన్ మామూలుగా వచ్చింది. అదే రోజు సాయంత్రం ఆటలో దించవచ్చా?

జవాబు: దించకూడదు. సీటీ స్కాన్ వెతికేది పుర్రె విరుగునూ, లోపలి రక్తస్రావాన్నీ. కంకషన్ మెదడు పనితీరులో వచ్చే తేడా కాబట్టి సీటీ, మామూలు ఎమ్మారై రెండూ తరచుగా శుభ్రంగానే ఉంటాయి. దాన్ని నిర్ధారించేది లక్షణాలు, పరీక్ష, ముందూ వెనకా ఆటగాడి ప్రవర్తన. కంకషన్ అనుమానం ఉన్నవారిని అదే రోజు మళ్లీ ఆడించకూడదన్నది అంతటా పాటించే నియమం. స్కాన్ మామూలుగా వచ్చాక కూడా తలనొప్పి పెరుగుతున్నా, మళ్లీ మళ్లీ వాంతులైనా, కళ్లలో ఒక కనుపాప పెద్దదైనా, నిద్ర లేపినా లేవకపోయినా, ఆ రిపోర్టును పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.