సాఫ్ట్‌వేర్ మార్చే ముందు ఒక మాట

చిరంజీవి లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

సియాటిల్‌లో మీ ఆఫీసువారు భవనాల జీవితచక్ర మదింపును, అంటే ముడిసరుకు నుంచి కూల్చివేత దాకా భవనం పర్యావరణంపై చూపే ప్రభావాల లెక్కను, టాలీ అనే సాఫ్ట్‌వేర్ నుంచి వన్ క్లిక్ ఎల్‌సీఏ అనే మరోదానికి మారుస్తున్నారనీ, ఆ బాధ్యత నీకే అప్పగించారనీ మీ నాన్న చెప్పగానే ఎంతో గర్వపడ్డాను. ఆ వెంటనే దిగులూ పట్టుకుంది. లైసెన్సులు, శిక్షణ, పాత ఫైళ్ళ భద్రత గురించి నీకు చెప్పనవసరం లేదు.

నా భయమంతా సగంలో ఉన్న ప్రాజెక్టుల గురించే. నేను పనిచేసిన ఒక సంస్థలో లీడ్ అనే హరిత భవన గుర్తింపు కోసం వెళ్తున్న భవనానికి, పోలికకు వాడే ఆధార నమూనాను పాత సాఫ్ట్‌వేర్‌లోనే ఉంచి, మెరుగుపరచిన డిజైన్‌ను మాత్రం కొత్తదానిలో లెక్కగట్టారు. భూతాప ప్రభావం ఎంతో తగ్గినట్టు రావడంతో అందరూ సంబరపడ్డారు. చివరికి ఒక జూనియర్ ఇంజనీరు గ్లూలామ్ (చెక్క పలకలు అతికించి చేసిన) దూలాల వరుసలో రుణ గుర్తు చూసి ఆగిపోయింది. రెండు నమూనాల్లోనూ ఉన్నవి అవే దూలాలు. చెట్టు పెరిగేటప్పుడు పీల్చుకున్న కార్బన్‌ను పాత లెక్కలో అసలు కలపలేదు. కొత్త లెక్కలో దాన్ని ముడిసరుకు దశ అయిన ఏ1లో తీసివేసి, భవనం ఆయుష్షు తీరాక అది తిరిగి గాలిలో కలిసే సి3, సి4 దశలను మాత్రం నివేదికలో వదిలేశారు. లీడ్ నాలుగో వెర్షన్ అడిగేది ఆరు పర్యావరణ ప్రభావాల్లో భూతాపంతో సహా కనీసం మూడింటిలో 10 శాతం తగ్గుదల. రెండు నమూనాలకూ ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే డేటా వాడాలన్నది అందులోని నియమమే. అది తెలిసి కూడా గడువు తరుముకొస్తోందని దాటవేశారు, తల్లీ! పని మొత్తం మొదటి నుంచీ చేయవలసి వచ్చింది.

అలా దాటవేద్దామని మీ వాళ్ళెవరైనా అంటే మొహమాటపడి ఊరుకోకు. చిన్నప్పుడు కిరాణా చీటీ మళ్ళీ కూడి, రూపాయి తేడా వచ్చినా అంగడి మెట్లు దిగేదానివి కాదు. ఆ పట్టుదల ఇప్పుడు కావాలి.

మొదలైన ప్రాజెక్టులను టాలీలోనే ముగించు. తరువాత పూర్తయిన భవనం ఒకటి తీసుకుని, భవన నమూనా గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లోని అవే పరిమాణాలతో కొత్తదానిలో లెక్కించి, కాంక్రీటు, ఉక్కు, కలప వరుసలను విడివిడిగా పోల్చు. ప్రభావాలను లెక్కించే పద్ధతి అమెరికావారి ట్రేసీయా, యూరప్‌వారి సీఎంఎల్లా అన్నదీ చూడు. నీటిలో పోషకాలు పేరుకుపోవడాన్ని మొదటిది నత్రజనిలో, రెండోది ఫాస్ఫేట్‌లో కొలుస్తాయి గనుక ఆ అంకెలను పక్కపక్కన పెట్టకూడదు.

పట్టిక తయారయ్యాక నాకు పంపు, కాంక్రీటు వరుసలు నేనూ చూస్తాను. దీనికోసం రాత్రిళ్ళు మేలుకోకమ్మా.

ఇట్లు,
పెదనాన్న